సంఘములయందు పలువురి మాట

మన దేశమున సంఘములు పుట్టుట కష్టము కాదు, పెరుగుట కష్టము, పెరిగిన పిమ్మట చీలకుండ నిలుచుట మరింత కష్టము. ఒక గ్రంథాలయమో, బాలికా పాఠశాలయో, సహకార భాండాగారమో స్థాపింపవలెనని పదుగురు కూడుదురు. మొదటి సంవత్సరమున ఉత్సాహమునకు కొదవ యుండదు. రెండవ సంవత్సరమున ధనమిచ్చినవాడు తన మాట చెల్లవలెననును. పనిచేసినవాడు తన శ్రమకు విలువ లేదనును. ఎవరి కొరకు సంఘమేర్పడెనో వారు మాత్రము గుమ్మము కడ నిలిచి, లోపల నేమి జరుగుచున్నదో యెరుగక చూచుచుందురు. మూడవ సంవత్సరమునకు సంఘము పేరు గోడమీది పలకపై మిగులును.

దీనికంతకును మనుష్యుల స్వార్థమే కారణమని చెప్పుట వాడుక. మేమును చాలకాలమట్లే తలచితిమి. చరిత్రను కొంత శ్రద్ధతో చదివిన పిమ్మట మరియొక కారణము మాకు కనబడినది. రాబోవు కార్యక్రమమును నిర్ణయించునపుడు ఎవరి మాట వినవలెను, ఎవరి మాట ఎంతవరకు చెల్లవలెను అను ప్రశ్నను మన సంఘములు మొదటనే యెత్తి తేల్చుకొనవు. మంచివారు కూడిన సభలు సైత మీ యొక్క ప్రశ్నను దాటవేసినందువలన చెడిపోయినవి. ఈ వ్యాసమున మన హైదరాబాదు నగరమున పుట్టిన యొక గొప్ప సంఘము చరిత్రను దృష్టాంతముగా గైకొని యీ విషయమును విచారింపదలచితిమి.

ప్రశ్న క్రొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున మంత్రాలోచనమును గూర్చిన ప్రకరణమున దీనినే చర్చించెను. ఒక్క మంత్రితోనే ఆలోచించు రాజునకు చిక్కైన పనులయందు నిశ్చయము దొరకదు. ఆ యొక్కడును అడ్డులేక తన యిచ్చవచ్చినట్లు నడచుకొనును. ఇద్దరైనచో వారేకమై రాజును లోబరచుకొందురు, లేదా తమలో తాము కలహించి కార్యమును చెరతురు. మువ్వురు నలువురున్నచో నిట్టి కీడు అరుదు. అంతకు మించినచో నిర్ణయమునకు వచ్చుటయు, రహస్యమును కాచుటయు దుర్ఘటము. ఇట్లు చెప్పిన యా రాజనీతిజ్ఞుడే, ఎవ్వరిని తృణీకరింపరాదనియు, అందరి మతమును వినవలెననియు, పసివాని మాటయైనను సారవంతమైనచో పండితుడు దానిని వినియోగించుకొనవలెననియు చెప్పుచున్నాడు. పైకి చూచుటకీ రెండు మాటలును పరస్పర విరుద్ధములుగ తోచును. వినుట అందరి నుండి జరుగవలెను, నిశ్చయించుట కొందరితో జరుగవలెను అని విడదీసి చూచినచో విరోధము తొలగును. ఆ కొందరెవ్వరు అనునదియే మిగిలిన చిక్కు.

పాశ్చాత్యులలో నీ విచారము వ్యాపారసంస్థలను గూర్చి యిటీవల విస్తారముగ జరిగినది. 1984 సంవత్సరమున అమెరికా దేశపు పండితుడు ఎడ్వర్డు ఫ్రీమన్ వ్రాసిన గ్రంథముతో నొక నిర్వచనము ప్రసిద్ధికెక్కెను. ఒక సంస్థ తన లక్ష్యమును సాధించుటయందు దానిని ప్రభావితము చేయగలవారును, ఆ సాధనవలన తాము ప్రభావితులగువారును, ఇరుతెగలవారును ఆ సంస్థయందు పాలుగలవారే యని దాని సారాంశము. ఈ నిర్వచనమున రెండు తెగలున్నవని చదువరులు గమనింపవలెను. చేయగలవారు వేరు, తగిలించుకొనువారు వేరు. ఒక్కొక్కప్పుడు రెండును ఒకరియందే యుండును. తరచుగా నుండవు. సంఘములయందలి కష్టమంతయు ఈ యెడమునందే పుట్టుచున్నది.

ఇక మన చరిత్రకు వత్తము. ఆదివారము నాడు అబిడ్సు కాలిబాటలపై పాత పుస్తకములను పరచి యమ్ముట మన నగరవాసులకు తెలిసినదే. అచ్చటనే కొన్నియేండ్ల క్రిందట మాకు మాడపాటి హనుమంతరావుగారి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ అట్ట యూడిన ప్రతి యొకటి దొరికినది. ఆ పుస్తకమును చంకను బెట్టుకొని మేమా వీథులలో మరల నడచితిమి. అబిడ్సు నుండి బొగ్గులకుంట వైపునకు పోయిన రెడ్డి వసతిగృహమును, తిలక్ రోడ్డుపై సారస్వత పరిషత్తు భవనమును కనబడును. ఇటు కోఠీ దిక్కునకు తిరిగిన వివేకవర్ధని విద్యాలయమును, సుల్తాను బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును వచ్చును. ఒక గడియ నడకలో ముగియు నీ చుట్టుకొలతయందు, ఎవరి మాట చెల్లవలెనను ప్రశ్న ముప్పది నలువది యేండ్లపాటు ఎన్ని రూపములుగ నెత్తబడెనో తలచుకొన్న ఆశ్చర్యము కలుగును.

1901 సెప్టెంబరు 1వ తేదీన భాషానిలయము స్థాపింపబడెను. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారును, రావిచెట్టు రంగారావుగారును, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావుగారును దాని స్థాపకులలో ముఖ్యులు. విద్య గలవాడు, ధనము గలవాడు, పదవి గలవాడు కలిసి చేసిన పని యది. పుస్తకములను చదువువారికి వ్యవహారనిర్ణయమున భాగముండవలెనను తలపు ఆ కాలమున నెవ్వరికిని రాలేదు. రావలసిన యవసరమును కనబడలేదు. పని చిన్నది, లక్ష్యమొక్కటి, విరోధము లేదు. ఇట్టి స్థితిలో పెద్దల యౌదార్యమే చాలును. లక్ష్యములు పెరిగినప్పుడే చిక్కులు మొదలగును.

1921 నవంబరు నెలలో వివేకవర్ధని నాటకశాలయందు నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన పూనా వాస్తవ్యులు కర్వే పండితులు అధ్యక్షులు. రాష్ట్రమున తెలుగువారు ఇంచుమించు సగము. మహారాష్ట్రులును, కన్నడిగులును, ఉర్దూ మాటలాడువారును తక్కినవారు. అయినను నగరమందలి సంస్కరణోద్యమములకు నాయకత్వము వహించినవారిలో మహారాష్ట్రులే యెక్కువ. ఆ సభలో ఉర్దూ, మరాఠీ, ఆంగ్లములయందు ఉపన్యాసములు సాగినవి. 12వ తేదీనాడు అల్లంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది తెలుగున మాటలాడుటకు లేవగా, సభలోని వారు కొందరు చప్పట్లు చరచి, కేకలు వేసి, ఆయనను కూర్చుండజేసిరి. సంస్కరణమును కోరి కూడిన సభ అది. సగము జనుల భాష అందులో పరిహాసపాత్రమయ్యెను.

ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కొలదిమంది తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు, మందుముల నరసింగరావుగారు, ఆదిరాజు వీరభద్రరావుగారు మొదలగువారందున్నారు. ఇచ్చట మనము రెండు సంగతులు గ్రహింపవలెను. సభను నడపినవారు దుర్మార్గులు కారు. వారిలో వామన నాయకుగారు మొదలైనవారు తరువాతి కాలమున తెలుగువారి యుద్యమమునకు మిత్రులై తోడ్పడిరి. మాడపాటివారు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికలకై ఉన్నత పాఠశాలను స్థాపించినపుడు, తెలుగున బోధించు నా పాఠశాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చోటు లేకపోగా, ఆశ్రయమిచ్చినది కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయమే. ఏ సభలో తెలుగు అవమానింపబడెనో ఆ సభాధ్యక్షుల సంస్థయే తెలుగు బాలికలకు పరీక్షాధారమయ్యెను. కనుక దోషము మనుష్యులది కాదు, ఏర్పాటుది. సభాకార్యక్రమమును సిద్ధపరచిన కొలది మందిలో తెలుగువారి పక్షమున నడుగువా రుండియున్నచో, ఏ భాషలలో ఎవరెంతసేపు మాటలాడవచ్చునను నియమము ముందే యేర్పడి యుండును. ఆ రభస జరుగకయే పోయియుండును. ఇది మొదటి సంగతి. అవమానింపబడినవారు అలిగి ఇంట కూర్చుండక, మరునాటికి వేరొక సంఘమును నిర్మించుకొనిరనుట రెండవది.

ఆంధ్రజనసంఘము తన తొలి పదియేండ్లలో నడచిన తీరు మిక్కిలి జాగరూకతతో గూడినది. ప్రభుత్వానుమతి లేనిదే బహిరంగ సభ జరుపరాదను గస్తీ 53వ నంబరు ఉత్తరువు తలపై కత్తివలె వ్రేలాడుచుండెను. జాగీర్దారులును, దేశముఖులును పల్లెలలో సర్వాధికారులు. నగరమందలి న్యాయవాదులకు, చిన్న యుద్యోగులకు మాత్రమే ఇట్టి సంఘములకు తీరికయు, ధైర్యమును ఉండెను. ఇన్ని బలములమధ్య సంఘనాయకులు, ఎవరికిని అంతగా నొప్పి కలుగని, అందరికిని కొంత మేలు కలుగు పనులను ఏరుకొనిరి. గ్రంథాలయములను స్థాపించిరి. శాసనములను సేకరించిరి, లక్ష్మణరాయ పరిశోధకమండలి ప్రకటించిన ‘తెలంగాణా శాసనములు’ ఆ కృషి ఫలమే. పర్యటనకు వచ్చు నధికారులు వెలయియ్యక సరకులను గొనిపోవుటనుగూర్చి వర్తకులకు వారి హక్కులను తెలియజెప్పిరి. వెట్టిచాకిరి చట్టవిరుద్ధమని చిన్న పుస్తకములను ప్రచురించిరి. ప్రభుత్వము స్వయముగా వెలువరించిన ఉత్తరువులనే ఆధారముగా జూపి, వానిని అమలు జరుపుడని కోరుట వారి పద్ధతి. బలవంతుని మాటనే బలహీనునికి ఆయుధముగ నిచ్చు ఈ నేర్పును మెచ్చుకొనక తప్పదు.

1930లో మెదకు జిల్లా జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. దానితోపాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. తరువాత దేవరకొండ, ఖమ్మము సభలలోను ఈ యేర్పాటు సాగెను. ఖమ్మమున ఎల్లాప్రగడ సీతాకుమారిగారు మహిళాసభకు అధ్యక్షురాలు. స్త్రీలకు వేరు సభ యుండుట గౌరవమా, పక్కకు త్రోసివేయుటయా యని నేటివారు ప్రశ్నింపవచ్చును. రెండును గొంత నిజమే. ఘోషా ప్రబలముగ నున్న యా దినములలో స్త్రీలు తమలో తాము తీర్మానములు చేసికొను వేదిక దొరకుట మేలే; పురుషుల సభలో జరుగు నిర్ణయములందు వారి చేయి లేకపోవుట లోపమే. ఆదిహిందువుల విషయమును ఇట్టిదే. 1906 నుండి నగరమున పనిచేసిన భాగ్యరెడ్డివర్మగారు తమవారికై తామే సంఘమును, పాఠశాలలను నడుపుచుండిరి. మహాసభ వారిని గూర్చి సానుభూతితో తీర్మానములు చేసెను. ఒకరిని గూర్చి తీర్మానించుటకును, వారితో కూడి తీర్మానించుటకును గల భేదమును ఆనాటి పెద్దలలో కొందరే గుర్తించిరి.

భాష విషయమున మహాసభ చేసిన పొరపాటును, దాని దిద్దుబాటును చూడుడు. తెలుగునకు జరిగిన యవమానమునుండి పుట్టిన సంఘమగుటచే, సభలో తెలుగు తప్ప అన్యభాష వాడరాదను కట్టుబాటు దానియందు ఏర్పడెను. తెలుగుగడ్డపై తరతరములుగ నివసించుచు ఉర్దూ యింటిభాషగా గలవారు ఆ కట్టుబాటువలన బయటివారైరి. నిన్న తమకు జరిగినది నేడు తాము ఇతరులకు చేయుచున్నామని గుర్తించుటకు కొంతకాలము పట్టినది. 1937లో నిజామాబాదున మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగిన యారవ మహాసభ ఆ కట్టుబాటును సడలించి, తెలుగురానివారు తమ భాషలో మాటలాడవచ్చునని యంగీకరించెను. ఆయన ఉర్దూలో ‘రయ్యతు’ పత్రికను నడపినవారు. రెండు లోకముల నెరిగినవారు. ఇట్టి సంధికర్తలు లేని సంఘమునకు తన గోడలు కనబడవు.

ఆ సంవత్సరముననే ప్రభుత్వపక్షమునుండి ఇదే ప్రశ్నకు మరియొక విధమైన సమాధానము సిద్ధమగుచుండెను. రాజ్యాంగ సంస్కరణములను సూచించుటకు దివాను బహద్దరు అరవముదు అయ్యంగారి అధ్యక్షతన నొక సంఘము నియమింపబడెను. దాని సూచనలను బట్టి 1939 జులైలో సంస్కరణములు ప్రకటింపబడెను. ప్రాంతములవారీగా గాక వృత్తులవారీగా ప్రాతినిధ్యము నిచ్చుట అందలి విశేషము. జాగీర్దారులకిన్ని, వర్తకులకిన్ని, న్యాయవాదులకిన్ని, వైద్యులకిన్ని, పట్టభద్రులకిన్ని, పట్టాదారులకిన్ని, కౌలుదారులకును కార్మికులకును ఇన్ని యని స్థానములు పంచబడెను. పాలుగల ప్రతివానికిని సభలో పీట వేయుట వినుటకెంతో సొంపుగ నున్నది. లెక్క చూచినచో సంగతి తెలియును. సభ్యులు మొత్తము 85; ఎన్నికైనవారు 42. అనగా జాగీర్దారు మొదలు కూలివాని వరకు ఎన్నికైనవారందరు ఒక్కటైనను మిగిలినవారిని మించజాలరు. హిందువులకును మహమ్మదీయులకును జనసంఖ్యతో నిమిత్తము లేక సమానముగ స్థానములీయబడెను. ఎవరికెన్ని పీటలో నిర్ణయించు నధికారము మాత్రము, ఏ పీటపైనను కూర్చుండని ప్రభుత్వము చేతిలోనే నిలిచెను. పలువురిని పిలిచి కూర్చుండబెట్టుట వేరు, వారి మాటకు తూకమిచ్చుట వేరు అనుటకింతకంటె మంచి యుదాహరణము మా కగపడలేదు. 1946లో ఆ సభకు ఎన్నికలు జరుగగా, స్టేటు కాంగ్రెసు వానిని బహిష్కరించెను.

ఈ సంస్కరణములను స్వీకరింపవలెనా, త్రోసివేయవలెనా యను వాదము మహాసభలోని రెండు ధోరణులను బయలుపరచెను. దొరికినదానిని పుచ్చుకొని దానిపై నిలిచి మరికొంత యడుగుదమని పెద్దలు. ఇది యొక మాయయని యువకులు. అప్పటికి మహాసభ పల్లెలకు దిగినది. పల్లెలో దానిని జనులు ‘సంఘము’ అని క్లుప్తముగ పిలుచుచుండిరి. యుద్ధకాలమున లెవీ ధాన్యము వసూళ్ళును, వెట్టియును, భూములనుండి వెడలగొట్టుటయు రైతు ప్రాణములను తోడుచుండెను. 1921లో వకీళ్ళు కూడి స్థాపించిన సంఘము, 1940 నాటికి రైతుల గోడును మోయవలసినదాయెను. దాని కార్యనిర్వాహకవర్గమున మాత్రము వకీళ్ళును, భూస్వాములును, విద్యావంతులునే యుండిరి. తగిలించుకొనువారు వేలు, నిర్ణయించువారు పదులు. తమ వర్గమువారే గ్రామమున వెట్టిని చేయించుకొనుచుండగా వెట్టిని గూర్చి గట్టి తీర్మానము చేయుట యెంతటి సజ్జనునికైనను కష్టము.

1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. ఆయన రెడ్డి వసతిగృహమున చదువుకొనినవారు. 1918లో రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో, సంస్థానాధీశుల, దేశముఖుల విరాళములతో నేర్పడిన గృహమది. సురవరము ప్రతాపరెడ్డిగారు కొన్నియేండ్లు దాని భారమును వహించిరి. నిజాము ప్రభుత్వమున నగర కొత్వాలు పదవి వహించినవారు పెంచిన యా నీడలోనే, ఆ ప్రభుత్వమును ధిక్కరించిన యువకులును పెరిగిరి. దాత తన ధనముతో చదువును కొనగలడు గాని చదువుకొన్నవాని యభిప్రాయమును కొనలేడు. ఈ సత్యమును సహించిన దాతలే చరిత్రలో గౌరవము నొందుచున్నారు.

1943లో హైదరాబాదున జరిగిన పదవ మహాసభాధ్యక్షతకు కొండా వెంకటరంగారెడ్డిగారికిని బద్దం ఎల్లారెడ్డిగారికిని పోటీ యేర్పడి, రంగారెడ్డిగారు నెగ్గిరి. మరుసటి సంవత్సరము భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులుగా పదునొకండవ సభ జరుగునాటికి మితవాదులు విడిపోయిరి. అటుపిమ్మట ఆంధ్రమహాసభలు రెండు. ఒకటి కమ్యూనిస్టుల చేతిలో పల్లె పోరాటమునకు సాధనమయ్యెను. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగిన పిమ్మట ఆ పోరాటము పట్టరానిదాయెను. రెండవది స్టేటు కాంగ్రెసులో కలిసిపోయెను. ఇరువదిమూడేండ్లు పెనగి కట్టిన యిల్లు రెండు ముక్కలాయెను.

ఇందు తప్పెవరిది? పక్షపాతము గల గ్రంథములు దీనికి సులభముగ నుత్తరము చెప్పును. మాకు తోచినంతవరకు తప్పు రెండు వైపులను ఉన్నది, రెండు వేరువేరు కాలముల నున్నది. పెద్దలకు సమయమున్నంతవరకు వారు రైతును వినిరి గాని, నిర్ణయమున పాలిచ్చి కూర్చుండబెట్టలేదు. బలము కూడిన పిమ్మట యువకులు రైతును కూర్చుండబెట్టిరి గాని, తమతో నేకీభవింపనివారికి లోపల చోటుంచలేదు. మొదటివారి జాగరూకత లేనిదే ఆ సంఘము గస్తీ 53 కాలమున పుట్టియే యుండదు. రెండవవారి సాహసము లేనిదే వెట్టి నిజముగ కదలియుండదు. రెండు గుణములును ఒకే సంఘమునకు కావలసినవి. రెంటిని ఒకే కప్పుక్రింద నిలుపు నియమావళి మాత్రము ఎవరును వ్రాసికొనలేదు. కార్యవర్గమున గ్రామప్రతినిధులకు నిశ్చిత స్థానములుండి, ఓడిన పక్షమునకు గూడ కొన్ని యుండి, మూలలక్ష్యములను మార్చుటకు సామాన్యాధిక్యము చాలదను నియమముండియున్నచో ఏమయ్యెడిదో చెప్పలేము. చీలిక ఆగకపోవచ్చును. అయినను అది ప్రయత్నించి చీలుట యగును.

ఆ చీలికకు ముందే, 1943 మే 26వ తేదీన, అదే రెడ్డి వసతిగృహమున నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు స్థాపింపబడెను. భాషాసాహిత్యముల సేవ తప్ప రాజకీయములతో దానికి సంబంధము లేదు. లక్ష్యమును ఇంతగా కుదించుకొనుటచేత భిన్నపక్షములవారు ఒక్క చాపపై కూర్చుండగలిగిరి. పరీక్షలు జరిపి, పుస్తకములు ముద్రించి, తెలుగు చదువుకొనుటకు వీలులేని రాజ్యమున తెలుగు చదివించినది. రాజ్యములు మారినను, తన పేరు మొదట ఆంధ్ర సారస్వత పరిషత్తుగను, తెలంగాణ రాష్ట్రమేర్పడిన తరువాత తెలంగాణ సారస్వత పరిషత్తుగను మారినను, తిలక్ రోడ్డుపై నేటికిని నిలిచియున్నది. లక్ష్యము చిన్నదైన సంఘము దీర్ఘాయువగునని దీనినిబట్టి కొందరు చెప్పుదురు. నిజమే. కాని వెట్టిచేయు రైతునకు ఆ దీర్ఘాయువు వలన నేమి లాభము అని యెవడైన నడిగినచో మన యొద్ద సమాధానము లేదు. అందరికిని సమ్మతమైన పనులు మాత్రమే చేయుదునను సంఘము, అన్యాయమును గూర్చి మౌనము వహింపవలసి వచ్చును. సమతూకమునకు కూడ వెల యున్నదని మరువరాదు.

నాంపల్లి వైపునకు నాలుగడుగులు వేసి మరియొక సంస్థను చూతము. ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారు రాష్ట్రమున ఆర్థిక పరిశీలనము జరుపుటకు ధనము కూర్చదలచి, 1938లో పబ్లికు గార్డెన్సునందు ఏబది దుకాణములతో నొక స్వదేశీ వస్తు ప్రదర్శనమును జరిపిరి. 1946లో అది నాంపల్లిలోని నేటి మైదానమునకు మారెను. అదియే మన నుమాయిషు. దానివలన వచ్చు నాదాయముతో ఎగ్జిబిషను సొసైటీవారు విద్యాలయములను నడుపుచున్నారు. అందు బాలికల కళాశాలలు ముఖ్యములు. ఇచ్చట ఎన్ని పక్షములున్నవో లెక్కింపుడు. అద్దె చెల్లించు దుకాణదారులు, ప్రవేశరుసుము చెల్లించు జనులు, ఆదాయమువలన చదువుకొను బాలికలు, మైదానము చుట్టు నివసించువారు, అనుమతులిచ్చు ప్రభుత్వశాఖలు. దుకాణములు పెరిగినచో విద్యకు ధనము పెరుగును. దారులు ఇరుకైనచో ప్రాణములకు అపాయము పెరుగును. 2019 జనవరి 30వ తేదీ రాత్రి అగ్ని రేగి అనేక దుకాణములు భస్మమైనవి. బ్రతుకుదెరువు కొరకు దూరదేశములనుండి సరకు తెచ్చుకొన్న వర్తకులు ఒక్కరాత్రిలో బికారులైరి. ఆ తరువాతి యేండ్లలో అగ్నిని ఆర్పు సన్నాహములు పెంచబడినవి. సంతలో నిప్పు పుట్టిన దారి యేదియో, జనులు తొక్కిసలాడు మలుపేదియో, ఆ దుకాణము తెరచి కూర్చున్నవానికి తెలిసినంతగ ఆలోచనసభలోని వారికి తెలియదు. కనుక వానిని పిలుచుట దయ కాదు. సంస్థ తన కన్నులను తాను తెరచుకొనుట.

పెద్ద సంగతుల నడుమ మా చిన్న యనుభవమును చెప్పుకొనుటకు చదువరులు మన్నింతురు గాక. మేము పనిచేసిన యొక పాఠశాలలో బాలికలకై గ్రంథాలయమును సాయంకాలము తెరచియుంచవలెనని ఉపాధ్యాయులము అయిదుగురము కూడి నిర్ణయించితిమి. గంటలను నిర్ణయించితిమి, పుస్తకములను కొంటిమి, ధనమిచ్చిన వర్తకుని పేరు పలకపై వ్రాయించితిమి. రెండు మాసములలో ముగ్గురు బాలికలకంటె నెక్కువ రాలేదు. వీరికి చదువుపై శ్రద్ధ లేదని మేము నిట్టూర్చితిమి. ఒకనాడు తాళముచెవులుంచు ముసలి నౌకరు, “అయ్యా, ఆ యాడపిల్లలు నీళ్ళు వచ్చే వేళకు ఇంటికాడ ఉండాలె గద! పొద్దుగూకినాక ఎవరు పంపుతరు? పొద్దున బడి గంటకు ముందు తెరువుండ్రి, వస్తరు” అనెను. అట్లే చేసితిమి, గది నిండెను. ఇరువది యేండ్ల బోధనానుభవము గల మాకు తెలియనిది, ఆ గడపకడ కూర్చుండు వానికి తెలిసినది. కౌటిల్యుని మాట వర్ణక్రమముతో సహా మాకు కంఠస్థమే. నౌకరును అడుగవలెనని మాత్రము మాకు తోచలేదు. ఆనాడు మేము పడిన సిగ్గే ఈ వ్యాసమునకు బీజము.

ఇన్ని విషయములనుండి మనము గ్రహింపదగినదేమి? ఏ సంఘమైనను రానున్న మూడేండ్లకో అయిదేండ్లకో కార్యక్రమమును వేసికొనుటకు ముందు, దానివలన ఎవరికి తగులునో, ఎవరు దానిని సాగింపగలరో, ఎవరు చెరుపగలరో ఒక కాగితముపై వ్రాసికొనవలెను. తగులుట మాత్రమే యుండి బలము లేనివారి పేర్ల యెదుట, వారి మాటను ఏ దారిని వినబోవుచున్నామో వ్రాసికొనవలెను. ధనదాతకు లెక్కలు చూచు హక్కు పూర్తిగనుండవలెను. కార్యక్రమమును మార్చు హక్కు ఒక్కనికే యుండరాదు. నిర్ణయసంఘము చిన్నదిగనే యుండవలెను; అందు మాత్రము ఫలమనుభవించువారి చేత ఎన్నుకొనబడినవారు, ఒకరుగాక ఇద్దరుండవలెను. ఒంటరి ప్రతినిధి తలయూపుట నేర్చుకొనును. పక్కన తోడున్నవాడు కాదనుట నేర్చుకొనును. వినిన మాటను స్వీకరింపలేకపోయినచో ఎందుకు స్వీకరింపలేదో చెప్పవలెను. వివేకవర్ధని సభలో కేకలు వేయబడినవానికి గాని, భువనగిరికి రాక మానినవారికి గాని, ఆ యొక్క సమాధానమును చెప్పినవారు లేరు.

ఈ నియమములు సభలకే గాక యిండ్లకును వర్తించును. ఆడపిల్ల చదువు, పెండ్లి, వలస, ఇల్లు కట్టుట మొదలగు ఎన్నో దీర్ఘకాల నిర్ణయములు మన గృహములలో ధనము తెచ్చువాని నోటినుండియే వెలువడుచున్నవి. తగులుట మాత్రము తల్లికి, కూతురికి, కోడలికి. తమ యింటిలో నెవరి మాట అడుగక తీసికొన్న నిర్ణయము చెడినదో ప్రతి చదువరికిని ఒకటి రెండు జ్ఞాపకము వచ్చును. సంఘసంస్కారమును కోరు మనము, వచ్చు ఆదివారము ఇంటిలో అందరిని కూర్చుండబెట్టి, ఒక్క విషయమును గూర్చియైనను మొదట చిన్నవారిచేత, ఆడువారిచేత చెప్పించి, పిమ్మట పెద్దలము మాటలాడినచో, సభానియమమునకు పాఠము అక్కడనే మొదలగును. 1921లో ఆ రాత్రి టేకుమాలవారి యింటిలో కూడినవారును ఒక గదిలో పట్టునంతమందియే.